పొలమారిన ఇల్లు

మా అమ్మమ్మ చేతి కింద ఉన్నవాళ్ళకు ఎవరికీ ఎన్నడూ జబ్బు చేయలేదు. జ్వరాలు వచ్చాయి, వాంతులయ్యాయి, ఒంటినిండా పొక్కులు లేచాయి. జబ్బు మాత్రం చేయలేదు. అమ్మమ్మ ఒప్పుకునేది కాదు మరి.

తాతయ్య పోయాక ఆమె చంటిపిల్లల బడిలో ఆయాగా చేరింది. పగలంతా ముక్కులు తుడిచి, సాయంత్రం గేటు దగ్గర పిల్లల్ని తల్లులకు అప్పజెప్పే పని. ఏ పిల్లాడి ఒళ్ళు వెచ్చబడినా తల్లి చేతికి ఇస్తూ "పళ్ళొస్తున్నాయమ్మా" అనేది. విరేచనాలైతే పళ్ళు. చెవిపోటైతే పళ్ళు. నోటినిండా పళ్ళతో పక్కవాడి భుజం కొరికి వచ్చిన ఐదేళ్ళవాడికి కూడా పళ్ళే. తల్లులు నమ్మేవాళ్ళు. నమ్మకపోతే పిల్లాణ్ణి మర్నాడు ఇంట్లో పెట్టుకోవాలి, పెట్టుకుంటే పని మానుకోవాలి. అబద్ధాన్ని చెప్పేవాళ్ళకన్నా దాంతో అవసరం ఉన్నవాళ్ళు గట్టిగా పట్టుకుంటారని నేను ఆమె వెనకాల తిరిగే నేర్చుకున్నాను. బళ్ళో నేర్పినవాటిలో ఇంత పనికొచ్చింది ఒక్కటీ లేదు. పదో తరగతి నన్ను రెండుసార్లు వద్దంది, మూడోసారి నేనే దాన్ని వద్దన్నాను.

కొన్నాళ్ళకు అమ్మమ్మను వృద్ధాశ్రమానికి మేట్రన్‌గా తీసుకున్నారు. ఊరి చివర రెండంతస్తుల మేడ. నడవల్లో గోడ పొడుగునా పట్టుకుని నడవడానికి కర్రకమ్మీ, ఎప్పుడూ తడి ఆరని గచ్చు, ఫినాయిలు వాసన. వెనకవైపు బట్టలుతికే గది. ఆ గదిలో నన్ను కుదిర్చింది. మనవరాలని మొహమాటపడిందనుకునేరు, రెండో రోజే దుప్పట్లు సరిగా పిండలేదని అందరి ముందూ నా చెవి పిండింది.

ఆశ్రమంలో ఆమెకు వచ్చిన మొదటి చిక్కు, పాత మందు పనిచేయకపోవడం. అక్కడున్నవాళ్ళది పళ్ళు వచ్చే వయసు కాదు. ఉన్న పళ్ళను కూడా పడుకునేముందు గ్లాసులో వేసుకునేవాళ్ళు. కొత్తది ఏదో ఒకటి కనిపెట్టాలి.

కనిపెట్టే అవకాశం రేడియో బాబాయి ఇచ్చాడు. ఆయన ఎనభై దాటిన మనిషి, లేచింది మొదలు పడుకునేదాకా ఆపకుండా మాట్లాడతాడు, ఎదుటివాళ్ళు విన్నా వినకపోయినా ఆయనకు ఒకటే. అందుకని ఆ పేరు. ఒకరోజు భోజనాల గదిలో ఆయనకు మాట మధ్యలో దగ్గు తెర వచ్చింది. మొహం కందిపోయింది, కళ్ళ నీళ్ళు కారాయి. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు కంచాల మీంచి తలలెత్తి కంగారుగా చూశారు. అమ్మమ్మ పరుగున వెళ్ళి ఆయన నడినెత్తిన మెల్లగా తట్టి, ఏం లేదు బాబాయ్, పొలమారింది, మీవాళ్ళెవరో తలుచుకుంటున్నారు అంది.

అంతే. ఆయన మొహం దీపం పెట్టినట్టయింది. ఎవరై ఉంటారని బల్ల దగ్గరున్న అందరినీ అడిగాడు. కొడుకులు తలుచుకునే రకం కాదు, కోడళ్ళ సంగతి ఎత్తనే వద్దు. చివరికి, ఈ మధ్యే పురుడు పోసుకున్న మనవరాలే అయి ఉంటుందని తేల్చుకున్నాడు. ఆ సాయంత్రం ఇంకో నాలుగుసార్లు దగ్గాడు. ప్రతిసారీ ఆగగానే చుట్టూ చూసి, "మళ్ళీ," అని నవ్వేవాడు.

అక్కడుండే మనుషుల గురించి ఒక్క మాట చెప్పాలి. నెలకొక ఆదివారం వాళ్ళను చూడటానికి ఇంటివాళ్ళు రావచ్చు. ఆ రోజు పొద్దున్నుంచీ ఉతికిన బట్టలు కట్టుకుని, తలలు దువ్వుకుని, పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు కూర్చునేవాళ్ళు. వచ్చేవాళ్ళు తక్కువ. సాయంత్రానికి ఆ మడత నలగని బట్టలు మళ్ళీ నా దగ్గరికే వచ్చేవి. అలాంటి చోట, మిమ్మల్ని ఎవరో తలుచుకుంటున్నారు అనే మాట ఎంత వేగంగా పాకుతుందో ఊహించండి. దగ్గుకన్నా మాటే ముందు పాకింది.

పాపం, దగ్గు మాత్రం తక్కువ తినలేదు. రేడియో బాబాయి పక్క మంచం మాస్టారికి వచ్చింది. ఆయన రిటైరైంది మొదలు నిద్రపోతూనే ఉన్న మనిషి, దగ్గి లేచి, ఎవరా నన్ను తలుచుకున్నదని ఆశ్చర్యపోయి మళ్ళీ పడుకున్నాడు. తర్వాత కింది అంతస్తులో ఒకరిద్దరికి వచ్చింది. ఉదయం టీల దగ్గర లెక్కలు చెప్పుకునేవాళ్ళు. నిన్న నా కూతురు నాలుగుసార్లు తలుచుకుంది, మీ అబ్బాయి ఒక్కసారేనా అని. దగ్గు రానివాళ్ళు తలలు వంచుకుని టీ తాగేవాళ్ళు.

వాళ్ళలో జడ్జి పిన్ని ఒకరు. ఆమె ఏ కోర్టు మెట్లూ ఎక్కలేదు, కాని ఆశ్రమంలో ఏం జరిగినా ఆఖరి తీర్పు ఆమెదే. ఆమెకున్నది ఒక్క అక్క కొడుకు. అతను ఆమెను అక్కడ చేర్పించి వెళ్ళినవాడు మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు. ఆమెకు దగ్గు రాలేదు. రాలేదని ఎవరూ అనకపోయినా అందరూ గమనించారని ఆమెకు తెలుసు. కొన్నాళ్ళకు ఆమె కుర్చీ మార్చుకుంది. ఎప్పుడూ కిటికీ దగ్గర కూర్చునే మనిషి వెళ్ళి రేడియో బాబాయికి ఎదురుగా కూర్చుంది. ఆయన దగ్గితే చెయ్యి అడ్డం పెట్టుకునేది కాదు. ఒకరోజు ఆయన సగం తాగి వదిలేసిన టీ గ్లాసును నేను తీయబోతే, పారబొయ్యడం దేనికే అని తీసుకుని గుటుక్కున తాగేసింది. నాకు నవ్వొచ్చింది. అమ్మమ్మతో చెబితే ఆమె నవ్వలేదు. అప్పటికే ఆమెకు లోపల ఎక్కడో గుచ్చుకోవడం మొదలైనట్టుంది.

ఆశ్రమానికి అప్పుడప్పుడూ ఒక డాక్టరమ్మ వచ్చేది. చిన్నపిల్ల, మెత్తగా మాట్లాడుతుంది. ఆమె వచ్చిన రోజు రేడియో బాబాయి ఆపకుండా దగ్గుతున్నాడు. దగ్గి దగ్గి, ఊపిరి అందక, కీచుమని గాలి లోపలికి లాక్కుని, పొద్దున తిన్నదంతా కక్కుకున్నాడు. డాక్టరమ్మ మిగతావాళ్ళ దగ్గులు కూడా విన్నది. ముక్కుల్లోంచి నమూనాలు తీసి సీసాల్లో పెట్టింది. ఆ తర్వాత అమ్మమ్మను నడవ చివరకు పిలిచి చెప్పింది, చూస్తే ఇది కోరింత దగ్గులా ఉంది, పెద్దవాళ్ళను వారాల తరబడి వేధించి వదిలేస్తుంది, టీకాలు పూర్తికాని పసిగుడ్లకు సోకితే ప్రాణం మీదికి తెస్తుంది అని.

"రుజువయ్యేదాకా ఆగక్కర్లేదమ్మా, అనుమానం చాలు. ఇవాళే ఆరోగ్య శాఖకు ఫోను చెయ్యండి. చెప్పాల్సింది ఆశ్రమం పెద్ద, అంటే మీరే. ఈ ఆదివారం ఎవర్నీ రానివ్వకండి."

అమ్మమ్మ అలాగే డాక్టరమ్మా అంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక చేస్తానంది. భోజనాలయ్యాక, వాళ్ళు కూడా భోంచేస్తుంటారేమో, కాస్త ఆగుదామంది. ఆ పూట గడిచాక, మర్నాడు పొద్దున్నే అయితే మనుషులు ప్రశాంతంగా ఉంటారంది. ఫోను పక్కనే కూర్చుని దాన్ని గుడ్డతో తుడిచింది, అంత శుభ్రంగా ఆ ఫోను కొన్నప్పుడు కూడా ఉండి ఉండదు.

ఫోను చేయకపోవడానికి ఆమెకు కారణం లేకపోలేదు. ఆ ఆదివారం రేడియో బాబాయి మనవరాలు వస్తానంది. ఆశ్రమంలో చేరాక ఆయన్ను చూడటానికి ఇంటినుంచి ఒక మనిషి రావడం అదే మొదలు. పైగా మునిమనవణ్ణి తీసుకుని వస్తోంది, ఇంకా మెడ నిలవని పసివాణ్ణి. ఆ సంగతి ఆయన చెప్పని మనిషి లేడు, చెప్పని గోడ లేదు. ఫోను చేస్తే గేటు మూస్తారు. మూశాక ఆమె మళ్ళీ వస్తుందని ఎవరు చెప్పొచ్చారు? రానివాళ్ళకు ఒక్క సాకు దొరికితే చాలు, దాన్నే ఏళ్ళ తరబడి వాడుకుంటారని అమ్మమ్మకు తెలుసు.

ఇంకొకటి ఆమె పైకి అనలేదు, కాని నాకు తెలుసు. జబ్బని చెబితే, ఇన్నాళ్ళూ వీళ్ళను ఎవరూ తలుచుకోలేదని కూడా చెప్పినట్టే. ఆ మాట తనే పంచిపెట్టింది. తనే మంచం మంచం దగ్గరికీ వెళ్ళి వెనక్కి తీసుకోవాలి.

"ఏం చెయ్యమంటావే?" అని నన్ను అడిగింది.

"వాళ్ళకి పళ్ళొస్తున్నాయని చెప్పెయ్," అన్నాను.

చేతిలో ఉన్న గుడ్డ నా మీద విసిరింది.

ఆ తర్వాత సగం సగం ఉపాయాలు మొదలుపెట్టింది. బాబాయికి తేనె ఇచ్చింది. ఆయన కుర్చీని గోడ వారకు జరిపింది, ఆయన మళ్ళీ ముందుకు జరుపుకున్నాడు. ఆదివారం పిల్లాణ్ణి గుమ్మం దగ్గరే ఉంచి దూరంనుంచి చూపిస్తే సరిపోతుందని తనకు తనే చెప్పుకుంది. అంతా తెలిసి ఇలా తడబడుతోందేమిటని నాకు విసుగు పుట్టింది. కాని ఆ ముసలాయన మొహం చూసి ఆ మాట చెప్పడం నావల్లా అయ్యేది కాదు.

శనివారం మధ్యాహ్నం ఉతికిన దుప్పట్లు పట్టుకుని మేమిద్దరం పై అంతస్తుకు వెళ్ళాం. రేడియో బాబాయి గది తలుపు ఓరగా తీసి ఉంది. ఆయన మంచం అంచున కూర్చుని ఒళ్ళో దిండు పెట్టుకున్నాడు. దిండుకు ఒక మూల మాస్టారి ఉన్ని టోపీ తొడిగాడు. అది పిల్లాడి తల అన్నమాట. మెడ నిలవని పిల్లాణ్ణి ఎత్తుకోవడం మరిచిపోయి ఉంటానని సాధన చేస్తున్నాడు. ఒక అరచెయ్యి టోపీ కింద, ఒకటి నడుం కింద. బాగానే పట్టుకున్నాడు. దించి, మళ్ళీ ఎత్తుకున్నాడు. ఈసారి దగ్గొచ్చింది.

దగ్గు తెర వచ్చినప్పుడు మనిషి చేతికందింది గట్టిగా పట్టుకుంటాడు. ఆయన దిండును గుండెలకు అదుముకున్నాడు. అదుముకుని, దాని మీదికి వంగి, టోపీ మీద మొహం పెట్టి దగ్గాడు. ఎంతకీ ఆగలేదు. ఆగేసరికి టోపీ అంతా తడిసి ముద్దయింది. ఆయన ఊపిరి పీల్చుకుని, ఆ టోపీనే మెల్లగా నిమిరి, "మళ్ళీ," అని నవ్వాడు.

అమ్మమ్మ తన చేతిలోని దుప్పట్లు కూడా నా మీద పడేసి లోపలికి వెళ్ళింది. ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బాబాయ్, రేపు పిల్లాణ్ణి తేవద్దని చెబుదాం."

"ఎందుకమ్మాయ్?"

"మీకు దగ్గు. అంటుకునేది. వాడికి తగిలితే తట్టుకోలేడు."

"దగ్గు కాదుగా. వాళ్ళు తలుచుకుంటున్నారన్నావుగా."

"అన్నాను. అబద్ధం చెప్పాను."

రేడియో ఆగిపోవడం నేను చూడటం అదే మొదటిసారి. దిండు మీది టోపీ తీసి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలోనే పెట్టుకున్నాడు. కింద వంటింట్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మొత్తం అబద్ధమేనా?" అన్నాడు చివరికి.

"దగ్గు వరకు అబద్ధమే. తలుచుకుంటున్నారో లేదో నాకెలా తెలుస్తుంది బాబాయ్?"

ఆయన టోపీని మంచం మీద పెట్టాడు. తర్వాత కర్ర అందుకుని లేచాడు. "ఫోను నేను చేస్తా. నువ్వు చెప్తే సరిగా చెప్పవు, పొలమారిందంటావు," అన్నాడు.

మెట్లు దిగడానికే చాలాసేపు పట్టింది. ఆఫీసు గదిలో మేం ఆయన వైపు మాటలే విన్నాం. రావద్దమ్మా అన్నాడు. నాకు అంటుజబ్బమ్మా, వాణ్ణి తీసుకుని ఇటు రాకు అన్నాడు. లేదమ్మా, బాగానే చూసుకుంటున్నారు అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు వింటూ కూర్చున్నాడు, అది ఆయనకు అలవాటు లేని పని. ఫోను పెట్టేసి మా వైపు తిరిగాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, మొహం మాత్రం వెలుగుతోంది.

"ఏడ్చిందమ్మాయ్. నిజంగానే రావాలనుకుందే. ఎంత బాగా ఏడ్చిందో," అన్నాడు.

ఆ ఫోనునే అమ్మమ్మ తుడవకుండా అందుకుంది. ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టరు లైన్లోకి వచ్చాడు. దగ్గు ఎప్పటినుంచి ఉందని అడిగాడు. చాన్నాళ్ళుగా అంది. మరి ఇన్నాళ్ళూ ఏమనుకున్నారని అడిగాడు. అమ్మమ్మ నోరు ఒకసారి తెరిచి మూసి మళ్ళీ తెరిచింది.

"పొలమారిందనుకున్నాం."

"అందరికీనా మేడమ్?"

"అందరికీనండి."



భోజనాల గదిలో చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. అమ్మమ్మ నిలబడి, ఎక్కడా తడుముకోకుండా, ఇది జబ్బు, అంటుకునేది, పొలమారడమని నేను చెప్పింది తప్పు అంది.  చెంచాలు ఆగాయి. జడ్జి పిన్ని లేచి నిలబడింది. ఆమెకు ముందురోజే దగ్గు మొదలైందని నాకు అప్పటిదాకా తెలియదు.

"నిన్నటిదాకా వీళ్ళందరికీ తలుచుకోవడం. నాకు రాగానే జబ్బా? ఇదెక్కడి న్యాయమే?" అంది.

తీర్పు చెప్పే మనిషి న్యాయం అడిగితే జవాబు ఎవరిస్తారు? అమ్మమ్మ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. పిన్ని అటు తిరిగి కూర్చుని, ఆమె పెట్టిన అన్నం మాత్రం తిన్నది.

మర్నాడు గేటుకు పసుపు పచ్చ బోర్డు కట్టారు. లోపలివాళ్ళకు, మాకు, వంటవాళ్ళకు అందరికీ మందులిచ్చారు. వంటామె కూతురు చదివే బడికి కూడా కబురు వెళ్ళింది, అక్కడ ఒకరిద్దరు పిల్లలు దగ్గుతుంటే ఇళ్ళకు పంపారు. వాళ్ళకూ పళ్ళొస్తున్నాయని ఎవరో ఒక ఆయా చెబుతూనే ఉండి ఉంటుంది. మాస్టారు దగ్గి దగ్గి పక్కటెముక విరిగి ఆసుపత్రిలో ఉండి వచ్చాడు. మందు పడ్డాక అంటుకోవడం ఆగింది కాని దగ్గు చాన్నాళ్ళు మిగిలింది. అదీ ఆ జబ్బు గుణమేనన్నాడు ఇన్‌స్పెక్టరు.

అసలు తమాషా ఆ తర్వాత జరిగింది. అంటుజబ్బు బయటపడితే ఆరోగ్య శాఖవాళ్ళు దగ్గరివాళ్ళందరికీ ఫోన్లు చేయాలట. మీరు ఈ మధ్య మీ అమ్మగారిని చూశారా, మీ మామగారి దగ్గర కూర్చున్నారా, మీ ఇంట్లో పసిపిల్లలున్నారా అని అడగాలట. అడిగారు. కొడుకులు, కూతుళ్ళు, అన్నదమ్ముల పిల్లలు, ప్రతివాళ్ళూ ఆఫీసుల్లో పదిమంది మధ్య నిలబడి, లేదండీ, ఈ మధ్య చూడలేదండీ అని చెప్పాల్సి వచ్చింది. ఈ మధ్య అంటే ఎంతకాలమండీ అని ఇన్‌స్పెక్టరు మళ్ళీ అడిగేవాడు. అది అతని ఉద్యోగం.

మర్నాటినుంచి మా ఆఫీసు ఫోను ఆగితే ఒట్టు. పేర్లు కూడా మరిచిపోయారనుకున్నవాళ్ళు గొంతులు తగ్గించి, ఎలా ఉందండీ మా నాన్నకు అని అడిగారు. రావచ్చన్నన్నాళ్ళూ రానివాళ్ళు, రావద్దని బోర్డు కట్టాక వచ్చారు. గేటు బయట నిలబడి చేతులూపారు. జడ్జి పిన్ని అక్క కొడుకు ఫోను చేసి, పిన్నితో మాట్లాడితే ఫోన్లో అంటుకోదు కదా అని ముందు అమ్మమ్మను అడిగాడు. తర్వాత పిన్ని అతనితో అరగంట మాట్లాడింది. అందులో సగం తిట్లే. పెట్టేసి వచ్చి, "వాడికి బుద్ధి లేదు, గొంతు మాత్రం మా అక్కదే," అని తీర్పు చెప్పింది.

బోర్డు తీసేసిన వారానికి ఫోను మళ్ళీ మూగపోయింది.

ఆ మూగ ఫోనును అమ్మమ్మ ఎంతకాలం చూసిందో తెలియదు కాని, ఆ తర్వాత ఆమె కొత్త మనిషైంది. ఇద్దరు తుమ్మితే ఆరోగ్య శాఖకు ఫోను. ముగ్గురికి కడుపు చెడితే ఫోను. ఎవరి కళ్ళు ఎర్రబడినా ఫోను, అవి టీవీ చూసి ఎర్రబడినా సరే. ఆమె చేసిన ప్రతిసారీ వాళ్ళు ఇళ్ళకు ఫోన్లు చేసేవాళ్ళు, ఇళ్ళవాళ్ళు మాకు చేసేవాళ్ళు. ఆరోగ్య శాఖవాళ్ళు మీటింగు పెట్టి, జబ్బుల విషయంలో ఇంత మెలకువగా ఉండే మేట్రన్ ఇంకెక్కడా లేదని శాలువా కప్పారు. జన్మలో ఏ జబ్బునూ ఒప్పుకోని మనిషి ఆ శాలువాతో ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంది. నేను దగ్గితే నా మీద కూడా ఫిర్యాదు చేస్తావా అంటే, నీ గురించి అడగడానికి ఎవరున్నారే, నేను తప్ప అంది. ఆ ఇన్‌స్పెక్టరు మాత్రం ఒకరోజు స్వయంగా వచ్చి, జలుబుకు ముప్పై ఇళ్ళకు ఫోన్లు చేయలేం మేడమ్ అని చేతులు జోడించాడు. ఆమె అతనికి టీ ఇచ్చింది. అతను టీ తాగి, పోనీ నలుగురికి చేస్తాను, ఎవరికి చెయ్యమంటారో చెప్పండి అన్నాడు. తెలివైనవాడు.

మునిమనవణ్ణి తీసుకుని రేడియో బాబాయి మనవరాలు వచ్చిందండోయ్. పిల్లాడికి టీకాలన్నీ పడ్డాక, మెడ గట్టిగా నిలిచాక వచ్చింది. బాబాయి సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుని కూర్చున్నాడు. దిండుతో చేసిన సాధన ఏమీ పనికిరాలేదు, వాడు ఒళ్ళో నిలిస్తేగా. ముక్కు పీకాడు, కళ్ళజోడు లాగాడు, ఆయన చెబుతున్న కథల్లో ఒక్కటీ వినలేదు. చివరికి ఆయన మొహం మీదే గట్టిగా ఒక తుమ్ము తుమ్మాడు.

గదిలో అందరం కొయ్యబారిపోయాం. అమ్మమ్మ అలవాటు కొద్దీ ఆఫీసు గదివైపు రెండడుగులు వేసింది.

బాబాయి మొహం తుడుచుకుంటూ ఆమెను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. మనవరాలికి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"ఇప్పుడే చెయ్యకమ్మాయ్. వీళ్ళింకా ఇక్కడే ఉన్నారుగా. వెళ్ళి నాలుగు రోజులయ్యాక చేద్దువుగాని."